ఒకటి ఆపినా ఏమీ కాదు

ఆ రోజు పొద్దున్న అల్లుడి పథకం చాలా చిన్నది. స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కుని, కింది అంతస్తులో ఉన్న స్టూడియోలోకి వెళ్లి, మామగారూ ఛానెల్ మేడమూ చూస్తుండగా ఒక ప్లగ్గు పీకాలి. పీకాక ఏమీ జరగకూడదు. అంతే. పెళ్లయిన దగ్గర్నుంచీ మామగారి ఎదుట తను చెయ్యి పెట్టిన ప్రతిచోటా ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. కుళాయి బిగిస్తే గోడ చెమ్మగిల్లింది. గడియారం కోసం మేకు కొడితే పక్కింటివాళ్ల గోడమీది ఫోటో కింద పడింది. అందుకని ఒక్కరోజైనా, నలుగురూ చూస్తుండగా, ఏమీ జరగకుండా చేసి చూపించాలని అతని కోరిక.

మామగారిది డబ్బింగ్ స్టూడియో. పిల్లల బొమ్మల సీరియళ్లలో కుక్కలకీ నక్కలకీ అక్కడే మాటలొస్తాయి. ఇల్లు మూడంతస్తులు. కింద స్టూడియో. మధ్యలో మామగారు, అత్తగారు, కూతురు, ఆ కూతుర్ని చేసుకున్న పుణ్యానికి అల్లుడు. పైన ఆ అమ్మాయి అన్నగారు, వయొలిన్ మాస్టారు. ఆయన్ని అల్లుడు బావగారు అంటాడు. ఆయన అల్లుణ్ణి అవసరం వస్తే తప్ప ఏమీ అనరు.

స్టూడియోలో రికార్డు చేసిన గొంతులూ బొమ్మలూ ఇదివరకు ఒకే పెట్టెలో ఉండేవి. మామగారు దాన్ని కన్నకొడుకులా చూసుకున్నారు. అది కూడా కన్నకొడుకులాగే ఒకరోజు చెప్పాపెట్టకుండా చేతులెత్తేసింది. కుందేలు సీరియల్ సగానికి సగం దానితోపాటే పోయింది. మళ్లీ రికార్డు చేద్దామంటే, కుందేలుకి గొంతిచ్చిన కుర్రాడికి ఈలోగా మీసాలొచ్చాయి. ఛానెల్‌వాళ్లు కొత్త భాగాలు చూసి, మధ్యలో కుందేలు పోలీసు స్టేషన్‌కి గానీ వెళ్లొచ్చిందా, అలా మాట్లాడుతోందేం అని అడిగారు.

అప్పుడు రంగంలోకి దిగాడు అల్లుడు. పెద్ద కంపెనీలో ఇలాంటి పెట్టెల్ని కాపలా కాసే ఉద్యోగం చేసినవాడు. ఒకటి ఉన్నచోట మూడు పెట్టించాడు. మూడింట్లోనూ అదే సరుకు. అన్నీ ఒకేచోట ఉంటే ఒకే నిప్పురవ్వకి పోతాయని, అంతస్తుకొకటి సర్ది, మెట్ల పక్కనుంచి వైర్లు లాగి కలిపాడు. ఒకటి పాడైతే మిగతా రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. "ఉన్నావా?" "ఉన్నా." "మూడింట్లో మనం రెండున్నాం, మన మాటే ఎక్కువ, పని కానిద్దాం." అంతటితో ఓటు అయిపోతుంది, పని ఆగదు. ఒక్కటే మిగిలితే మాత్రం అది పని చేయదు. తక్కిన రెండూ పోయాయో, తనకే వినపడటం లేదో దానికి తెలియదు. తెలియనప్పుడు తలుపేసుకుని కూర్చోవడం దాని పద్ధతి.

"ఒక పెట్టె చేసే పనికి మూడు పెట్టెలా?" అన్నారు మామగారు అప్పట్లో. "ఒకడి పనికి ముగ్గుర్ని పెడితే ముగ్గురూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు."

"వాటి పనే కబుర్లు చెప్పుకోవడం మావయ్యగారూ," అన్నాడు అల్లుడు.

మామగారు ఆ జవాబుని మనసులో పెట్టుకున్నారు. మంచి ఉద్దేశంతో మాత్రం కాదు.

ఇప్పుడు ఛానెల్‌వాళ్లు ఎలుగుబంటి సీరియల్ మొత్తం ఈ స్టూడియోకే ఇద్దామనుకుంటున్నారు. కానీ కుందేలు దెబ్బ తిన్నవాళ్లు కదా, ఒక పెట్టె పోయినా పని ఆగదని కళ్లారా చూస్తే తప్ప సంతకం పెట్టేది లేదన్నారు. చూడ్డానికి మేడమ్ స్వయంగా వస్తున్నారు. ఆ సీరియల్ వస్తే స్టూడియో నిలబడుతుంది. రాకపోతే మామగారు స్టూడియో మూసేసి, అల్లుడి గురించి మాట్లాడుతూ శేషజీవితం గడుపుతారు.

ముందురోజు భోజనాల దగ్గర అల్లుడు అందరికీ విడమరిచి చెప్పాడు. "రేపు మీరెవరూ కంగారు పడకండి. మూడింట్లో ఒకటి ఆపినా ఏమీ కాదు."

"ఒకటి ఆపినా ఏమీ కాదా?" అన్నారు అత్తగారు.

"ఏమీ కాదత్తయ్యగారూ."

"ఏ ఒకటైనా?" అన్నారు బావగారు.

"ఏ ఒకటైనా."

అందరూ శ్రద్ధగా విన్నారు. ఆ ఇంట్లో అల్లుడు చెప్పిన మాట అందరూ శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. అతనికి అనుమానం రావాల్సింది.

*

ఛానెల్ మేడమ్ సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉన్న మనిషి. ఆవిడ మాట్లాడేది ఒక్కటే మాట. "ఊఁ." దాన్నే ఎత్తీ దించీ సాగదీసీ అంటారు. ఏ ఊఁకి ఏమిటర్థమో తేల్చుకోవడం ఎదుటివాళ్ల పని.

స్టూడియో గుమ్మం దగ్గర ఒక బుట్ట ఉంటుంది. రికార్డింగులో ఫోన్ మోగితే మామగారికి పూనకం వస్తుంది కాబట్టి, లోపలికొచ్చే ప్రతివాళ్లూ ఫోన్ అందులో వేసి రావాలి. మేడమ్ వేశారు. ఎలుగుబంటికి గొంతిచ్చే ఆయన వేశాడు. ఆయన మనిషి అగ్గిపుల్లంత, గొంతు పిడుగంత. అందరూ ఆయన్ని ఎలుగు అనే పిలుస్తారు, ఆయన భార్యతో సహా. అల్లుడు కూడా తన ఫోన్ అందులోనే వేశాడు. వేసిన కాసేపటికి అది బుట్ట అడుగున రెండుసార్లు వణికింది. మధ్య అంతస్తులో పెట్టె ఆగిపోయిందని చెప్పడానికే ఆ వణుకు. ఎవరూ వినలేదు.

అల్లుడి భార్య బల్ల దగ్గర కూర్చుని భాగం నడిపించింది. అందులో ఉడుత గొంతు ఆమెదే. తెరమీద ఎలుగుబంటి తేనెపట్టు కింద నక్కి కూర్చుంది. దాని ముక్కులో పుప్పొడి దూరింది. తుమ్మితే తేనెటీగలు లేస్తాయి. ఉడుత కళ్లు మూసుకుంది. ఎలుగుబంటి నోరు తెరిచింది.

"హా... హా... హా..."

"ఇప్పుడు చూడండి మేడమ్," అన్నాడు అల్లుడు. పక్కగదిలో ఉన్న పెట్టె దగ్గరికి వెళ్లి, కత్తి దూసినట్టు ప్లగ్గు పీకాడు.

ఎలుగుబంటి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

ఆగిపోయిన తుమ్ముని చూస్తూ కూర్చోవడం ఎంత బాధో అనుభవిస్తే గానీ తెలియదు. మేడమ్ ముక్కు ఒకసారి అదిరింది. మామగారు జేబురుమాలు తీశారు.

"ఊఁ?" అన్నారు మేడమ్.

"ఉత్కంఠ కోసం మేడమ్. పిల్లలకి ఇలా ఆపితే చాలా ఇష్టం," అన్నారు మామగారు. తర్వాత పక్కకి తిరిగి, పెదాలు కదపకుండా, "అల్లుడూ," అన్నారు. ఆ ఒక్క పిలుపులో కుళాయీ, గడియారం, పక్కింటివాళ్ల ఫోటో అన్నీ ఉన్నాయి.

అల్లుడు గబగబా ప్లగ్గు తిరిగి పెట్టాడు. పెట్టె మీద పసుపు దీపం మినుకుమినుకుమంది. అది మేలుకుని, ఒళ్లు తడుముకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. నిద్రలేచిన మనిషికైనా అంతే కదా. కానీ అసలు ఎందుకాగింది? మిగతా రెండూ ఉంటే ఆగకూడదు. అంటే వాటిలో ఒకటి ముందే ఆగి ఉండాలి.

"నేను పైకెళ్లి చూసొస్తాను. దీన్నెవరూ ముట్టుకోకండి," అని భార్యతో చెప్పి పరిగెత్తాడు. మెట్ల దగ్గర ఎలుగు నిలబడి ఉన్నాడు. "మీరు పైకెళ్లి మా బావగారికి చెప్పండి, ఎట్టి పరిస్థితిలోనూ ఆ పెట్టె ఆపొద్దని," అని అతనికో పని అప్పగించి, తను మధ్య అంతస్తులోకి దూరాడు.

*

ఎలుగుకి మోకాళ్ల నొప్పులు. పైగా దేవుడు అంత గొంతు ఇచ్చింది మెట్లెక్కడానికి కాదని ఆయన నమ్మకం. కింది మెట్టు మీద నిలబడి, తల పైకెత్తి, ఎలుగుబంటి గొంతుతో ఒక్క కేక పెట్టాడు.

"పెట్టె ఆపొద్దు!"

ఆ కేక మెట్ల మధ్యలోంచి గోడలు రాసుకుంటూ పైకెళ్లింది. దారిలో మధ్య అంతస్తులో అత్తగారికి వినపడింది. ఆవిడ మేడమ్ వస్తున్నారని స్టూడియో తెరలన్నీ ఉతికి, కూర్చుని ఇస్త్రీ చేస్తున్నారు. అప్పుడే అయిపోయి, ఇస్త్రీపెట్టె ఆపబోతున్నారు. పెట్టె ఆపొద్దని ఎవరో అంత గట్టిగా చెప్పాక ఆపడం బాగుండదని, దాన్ని అలాగే ఉంచారు. ఎందుకు ఆపకూడదో ఆవిడకి తెలియదు గానీ, ఆ ఇంట్లో జరిగేవాటిల్లో చాలావాటికి కారణం అడగడం ఎప్పుడో మానేశారు.

పై అంతస్తులో బావగారు పాఠం చెబుతున్నారు. నేర్చుకునేది ఒక పళ్ల డాక్టరు. యాభై దాటాక వయొలిన్ మీద మనసు పడ్డాడు. ఆయన వాయిస్తుంటే, రోగులు ఆయన కుర్చీలో కూర్చుని చేసే శబ్దాలకీ దానికీ పెద్ద తేడా తెలియదు. కేక సగం వినపడేసరికి డాక్టరు కమాను లాగాడు. దాంతో "పెట్టె ఆపు" వరకే బావగారి చెవిని చేరింది. వెనకాల ఉన్న "ఒద్దు" వయొలిన్ కింద నలిగిపోయింది.

తెలుగులో వద్దనే మాట వాక్యం చివర్న పెట్టినవాళ్లెవరో గానీ, వాళ్ల పొరుగున వయొలిన్ నేర్చుకునేవాళ్లు లేరన్నమాట.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది," అన్నారు బావగారు. ఆ పెట్టె వచ్చిన రోజు నుంచీ అది చేసే రొద శ్రుతికి కొంచెం తగ్గులో ఉందని ఆయన గోల. శిష్యులందరూ తెలియకుండానే దానికి తగ్గట్టు దిగజారుతున్నారని చెబితే ఎవరూ పట్టించుకోలేదు. లేచి, నిదానంగా, తృప్తిగా దాన్ని ఆపేశారు. అటు తర్వాత కాసేపు ఆ నిశ్శబ్దాన్ని ఆస్వాదించారు. ఆపమన్నారంటే తీసేస్తున్నారన్నమాటే. వాళ్ల మనసు మారేలోపు మనమే కిందికి చేరేస్తే మంచిదని ఆయనకి తోచింది.

"డాక్టరుగారూ, ఒక చెయ్యి వేస్తారా?" అన్నారు.

మధ్య అంతస్తులో అల్లుడు అత్తగారి ముందు నిలబడి రొప్పుతున్నాడు.

"అత్తయ్యగారూ, పెట్టె ఏది?"

"ఇదిగో, చేతిలోనే ఉంది," అన్నారావిడ ఇస్త్రీపెట్టె చూపించి. "ఆపలేదు బాబూ."

"అది కాదండీ. నా పెట్టె."

"నీదా? ఇందాకే తీసేశాను. తెరలు ఇస్త్రీ చెయ్యాలంటే ఆ సాకెట్ దగ్గరే వెలుతురు బాగుంటుంది."

"తీసేశారా?"

"నువ్వే కదా ఒకటి ఆపినా ఏమీ కాదన్నావు. ఏ ఒకటైనా అన్నావు. ఆ ఒకటి నాదే అనుకున్నాను. అనుకోవడమేమిటి, తీశాక కూడా కింద అంతా బాగానే నడిచింది. మా అల్లుడు మాటంటే మాటే అని పొంగిపోయాను కూడా."

అల్లుడికి కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది. పెట్టె ఎత్తుకెళ్లి వంటింట్లో సాకెట్‌కి తగిలించాడు. ఆ పక్కనే మేడమ్ కోసం అత్తగారు పెట్టిన కేకు ఓవెన్‌లో ఉడుకుతోంది. ఇవతల గదిలో ఇస్త్రీపెట్టె, ఆపొద్దన్నారు కాబట్టి, కాలుతూనే ఉంది. మూడూ కలిసేసరికి ఎక్కడో టప్పుమంది. ఇస్త్రీపెట్టె, ఓవెన్, ఫ్యాను, అన్నీ ఒకేసారి ఊరుకున్నాయి.

"ఆపేద్దామనే అనుకున్నాను," అన్నారు అత్తగారు. "ఎవరో ఆపొద్దని అరిచారు."

అల్లుడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఫ్యూజు సంగతి తర్వాత. పైన బావగారు పెట్టె ఉంచారో ఆపారో నమ్మకం లేదు. ముందు ఈ పెట్టెని స్టూడియోలోకి తీసుకెళ్లి కింది పెట్టె పక్కనే తగిలిస్తే రెండవుతాయి. రెండైతే చాలు, తుమ్ము పూర్తవుతుంది. ఆలోచన బ్రహ్మాండంగా ఉంది. పెట్టెని ఒక దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లవైపు నడిచాడు.

*

ఇక కింద స్టూడియోలో పసుపు దీపం ఇంకా మినుకుతూనే ఉంది. తెరమీద ఎలుగుబంటి ఇంకా నోరు మూయలేదు. మేడమ్ ముక్కు పట్టుకుని కూర్చున్నారు.

"ఊఁ," అన్నారు. ఈసారిది కింది స్థాయిలో వచ్చింది. వెళ్లిపోయే ముందు జనం అనే ఊఁ లాంటిది.

మామగారు అల్లుడు చెప్పిందంతా ఒక్కసారి గుర్తు చేసుకున్నారు. గుర్తు చేసుకోవడం అదే మొదలు. పెట్టె ఒంటరిగా ఉంటే మాట్లాడదన్నాడు. పక్కన ఇంకోటి ఉంటే మాట్లాడుతుందన్నాడు. అంటే ఇక్కడ ఇది దిక్కులేనిదై కూర్చుంది, దాని తోడు పైన ఉంది. పాపం ఇంత చిన్న విషయం ఈ చదువుకున్నవాళ్లకి తట్టదు.

"అమ్మాయ్, తప్పుకో," అన్నారు.

"నాన్నా, ముట్టుకోవద్దన్నారు. అది లేస్తోంది, చూడండి."

"ఒంటరిగా లేచి ఏం చేస్తుంది? దీన్ని పైదాని దగ్గరికి చేరుస్తాను. మొగుడికి తెలియని కిటుకు నాన్నకి తెలుసని రేపు నువ్వే చెప్పుకుంటావు."

పసుపు దీపం మినుకు మాని నిలకడగా వెలగబోతున్న సమయంలో ఆయన ప్లగ్గు పీకి, వైరు ఊడదీసి, పెట్టెని గుండెలకి హత్తుకుని గుమ్మం దాటారు. ఏదో జరుగుతోందని గ్రహించిన మేడమ్ లేచి వెనకాలే నడిచారు. మేడమ్ నడుస్తున్నారని ఎలుగు కూడా నడిచాడు.

మెట్ల మలుపు దగ్గర, కింది అంతస్తుకీ మధ్య అంతస్తుకీ నడుమ, వీళ్లందరూ కలుసుకున్నారు. కిందినుంచి మామగారు ఒక పెట్టెతో. పైనుంచి అల్లుడు దుప్పట్లో ఒక పెట్టెతో. ఆ పైనుంచి బావగారూ డాక్టరూ చెరో పక్క పట్టుకుని ఇంకో పెట్టెతో. అల్లుడు మూడంతస్తుల్లో వేరువేరుగా, ఒక నిప్పురవ్వకి అన్నీ పోకుండా, ఎంతో జాగ్రత్తగా సర్దిన మూడు పెట్టెలూ ఒకే మెట్టు మీద చేరాయి. ఒక్కదానికీ కరెంటు లేదు.

అల్లుడు మూడింటినీ వేలితో ఒకసారి లెక్కపెట్టాడు.

"మావయ్యగారూ, దాన్ని ఎందుకు పీకారు?"

"తోడు కోసం."

"బావగారూ, మీరు?"

"ఆపమన్నారుగా."

"ఎవరు ఆపమన్నారు? ఆపొద్దని కబురు పెట్టాను."

అందరూ ఎలుగు వైపు చూశారు. "నేను ఆపొద్దనే అన్నాను," అన్నాడాయన. మెట్ల కటకటాలు మోగాయి. "నా ఉచ్చారణకి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు."

"అయినా ఒకటి ఆపినా ఏమీ కాదన్నావుగా," అన్నారు బావగారు.

"నేనూ అదే అన్నాను," అన్నారు వెనకనుంచి అత్తగారు, ఇస్త్రీ చేసిన తెరలు చేతిమీద వేసుకుని దిగుతూ.

అల్లుడు మెట్టు మీద కూలబడ్డాడు. ఒకటి ఆపినా ఏమీ కాదన్నాడు నిజమే. ఎవరికి వాళ్లు ఆ ఒకటి తమదేననుకుంటారని అతను చదివిన చదువులో ఎక్కడా చెప్పలేదు. ఛానెల్ మేడమ్ అతని తల మీదుగా గోడకేసి చూస్తున్నారు. ఎలుగుబంటి సీరియల్ చేయిజారిపోతోందని అతనికి తెలిసిపోయింది. ఇకనుంచి భోజనాల దగ్గర ఏ మాట వినాల్సొస్తుందో కూడా తెలిసిపోయింది.

అతని భార్య మాత్రం కిందినుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కుంటూ వచ్చింది. "ఏడుపు తర్వాత ఏడుద్దురుగాని. మూడంతస్తుల వైర్లూ కలిసేది ఈ మలుపులోనే కదా? గోడకున్న ఆ మూతలోపలే కదా?"

"అవును."

"అయితే ఇక్కడే తగిలించండి."

అల్లుడు ఆమె వైపు చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత పరవశంగా చూడలేదు. వెంటనే లేచి మూత తీసి, వైర్లు ఒక్కొక్కటే తగిలించాడు. మామగారి పెట్టె మెట్టు మీద, అత్తగారి పెట్టె దాని పక్కన పెట్టారు. బావగారు మాత్రం తన పెట్టెని దుమ్ములో పెట్టనని, కటకటాల పక్కన ఉన్న పూలకుండీ స్టూలు మీద, కుండీ దింపి, పెట్టించారు. ఇన్నాళ్లూ దాన్ని తిట్టిన మనిషికి ఆ ఆఖరి ఘడియలో దానిమీద మమకారం ఎందుకు పుట్టిందో ఎవరూ అడగలేదు.

మూడు పసుపు దీపాలు మినుకుతున్నాయి. మెట్లమీద తలో చోట అందరూ కూర్చున్నారు. మేడమ్ కూడా కూర్చున్నారు. అత్తగారు ఆవిడ కింద ఒక తెర మడిచి వేశారు.

మొదట మామగారి పెట్టె లేచింది. దీపం మినుకు మాని నిలకడగా వెలిగింది. కిందినుంచి మాత్రం ఏ శబ్దమూ రాలేదు.

"లేచిందిగా, ఏం మాట్లాడదేం?" అన్నారు మామగారు.

"అది ఒక్కటే లేచింది మావయ్యగారూ. మిగతావి ఏమయ్యాయో దానికి తెలీదు. తను ఒకటి చెప్పి, అవతలివి ఇంకోటి చెబితే కథ రెండుగా చీలిపోతుంది. అందుకని తెలిసేవరకు నోరు మూసుకుని కూర్చుంటుంది."

అత్తగారు ఆ పెట్టెని చాలాసేపు చూశారు. "ఈ ఇంట్లో తెలియనప్పుడు నోరు మూసుకునేది ఇదొక్కటే," అన్నారు.

మామగారు దగ్గారు. బావగారు చేతుల దుమ్ము దులుపుకున్నారు. మేడమ్ "ఊఁ" అన్నారు, కానీ ఆ ఊఁలో ఏదో మార్పు కనిపించింది.

అప్పుడు రెండోదిగా అత్తగారి పెట్టె లేచింది. రెండు దీపాలూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు ఒక్కసారి రెపరెపలాడి, ఆకుపచ్చకి తిరిగాయి. ఓటు అయిపోయింది. కింద తెరిచి ఉన్న స్టూడియో తలుపులోంచి, ఇంతసేపూ బిగబట్టిన ఎలుగుబంటి, ఇంట్లో ఉన్న స్పీకర్లన్నిటి సాయంతో, తుమ్మింది.

అది ఎలుగు జీవితంలోకెల్లా గొప్ప తుమ్ము. రికార్డు చేసిన రోజున గది అద్దం బీటవేసింది. ఇప్పుడు మెట్ల మధ్యలోంచి అది ఫిరంగిలా పైకొచ్చేసరికి పళ్ల డాక్టరు కూర్చున్నచోటే ఎగిరిపడ్డాడు. ఆయన మోచెయ్యి స్టూలుకి తగిలింది. స్టూలు ఒరిగింది. బావగారి పెట్టె, వైర్లు తెంపుకుని, మెట్లమీద బోర్లా పడింది. అక్కణ్ణుంచి మెట్టుకొక ముక్క చొప్పున పంచుకుంటూ దొర్లింది. పైమూత ఒకచోట, ఫ్యాను ఒకచోట. చివరికి మిగిలింది స్టూడియో గుమ్మం దాకా జారి, ఫోన్ల బుట్టకి గుద్దుకుని ఆగింది.

కింద తెరమీద తేనెటీగలు లేచాయి. "చిరంజీవ, చిరంజీవ," అంది ఉడుత. "ఇంక పరిగెత్తు."

ఎలుగుబంటి పరిగెత్తింది. చెట్టు దాటింది, వాగు దాటింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఒక పెట్టె అందరి కళ్లముందు ముక్కలై పడి ఉంటే, మిగతా రెండూ ఏమీ జరగనట్టు కథ నడుపుతూనే ఉన్నాయి. ఏమీ జరగకపోవడం అంటే ఏమిటో అల్లుడు ఎట్టకేలకు చూశాడు. చూసి, భార్య చెయ్యి పట్టుకున్నాడు. అందుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మేడమ్ మెల్లగా లేచారు. తెర దులిపి అత్తగారికి ఇచ్చారు. తర్వాత, ఆ ఇంట్లో మొదటిసారిగా, మాట్లాడారు.

"అందరూ మాకు కాగితాల మీద చూపిస్తారు," అన్నారు. "ఇలా మూడూ పీకి, మెట్లమీదికి మోసుకొచ్చి, ఒకదాన్ని పగలగొట్టి మరీ చూపించినవాళ్లు మీరే. ఆ తుమ్ము అయ్యేవరకు నేను కదల్లేకపోయాను. సంతకం ఎక్కడ పెట్టాలి?"

మామగారు ఒక్క క్షణం అల్లుడి వైపు, ఒక్క క్షణం ముక్కల వైపు చూసి, వినయంగా తలవంచారు. "మా అల్లుడి ఆలోచనే మేడమ్. మేమందరం ఎవరి వేషం వాళ్లు వేశాం."

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు అల్లుడికి స్వయంగా వడ్డించారు. ఎలుగుబంటి సీరియల్ ఖాయమైంది. ఫ్యూజు బాగుపడింది. కేకు ఒకవైపే ఉడికింది, ఆ వైపు మేడమ్ తిన్నారు. ఇంతకంటే మంచి సమయం దొరకదని అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యగారూ, రేపే ఇంకో పెట్టె తెప్పించాలి. పగిలినదాని బదులు."

"ఎందుకు?"

"మూడు ఉండాలి కదండీ."

మామగారు అన్నం కలుపుతూ ఆగారు. అల్లుడి మీద ఆయనకి ఇప్పుడు అపారమైన గౌరవం. ఆ గౌరవంతోనే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, నచ్చజెప్పారు.

"నాయనా, మూడోది మెట్లకింద ముక్కలై ఉండగానే మొత్తం భాగం నడిచింది. మేడమ్ చూశారు, నేను చూశాను, అందరం చూశాం. రెండింటితో నడుస్తుందని నువ్వే ఇంత కష్టపడి నిరూపించాక, మళ్లీ మూడోది కొంటే నీ మాటకి విలువేముంటుంది?"

"రెండే ఉంటే, ఇంకొకటి పోయినప్పుడు..."

"ఎందుకు పోతుంది? మెట్లమీద ఉన్నది పోయింది. ఇవి గదిలో ఉంటాయి."

బావగారు అవునన్నారు. అత్తగారు, ఖాళీ అయిన మూలలో బట్టల బీరువా పడుతుందేమో కొలవాలన్నారు. భార్య పెరుగు గిన్నె అల్లుడి వైపు జరిపింది, జాలిగా.

అప్పట్నుంచీ స్టూడియోలో రెండు పెట్టెలూ హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నాయి. అల్లుడు మాత్రం ఇంట్లో ఎవరు తుమ్మబోయినా ముందే వెళ్లి స్టూడియో తలుపేసి వస్తున్నాడు.